గురి పెట్టే ముందు దూరం కొలుద్దాం

(ఆదివాసీ దినోత్సవ యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి థింసా చూశాం, పాటలు విన్నాం. పెద్దలు మన పండుగల గురించి, మన భాషల గురించి మాట్లాడారు. ఇప్పుడు మేము మార్కుల గురించి మాట్లాడితే మీకు కాస్త చప్పగా ఉండొచ్చు. అయినా మాట్లాడాల్సిందే. మనవాళ్ళలో చాలామంది గ్రూప్-2 రాస్తున్నారు. రాసిన వాళ్ళని "ఎన్ని వస్తాయి?" అని అడిగితే "ఏమో మేడమ్, చూద్దాం" అంటారు. రాయబోయే వాళ్ళని "ఎన్ని కావాలి?" అని అడిగితే "ఎస్టీకి ఇన్ని వస్తే చాలంట" అంటారు. ఈ "ఏమో", ఈ "అంట" రెండూ మన పిల్లలకు చేసిన నష్టం మేము కళ్ళారా చూశాం. అందుకే ఈ రోజు చరిత్ర పేపరు ఒక్కటే తీసుకుని, మార్కులు ఎలా అంచనా వేసుకోవాలో, గురి ఎలా పెట్టుకోవాలో చెబుతాం.

ముందు పరీక్ష రూపం చూద్దాం. 2023 డిసెంబరు నోటిఫికేషన్ ప్రకారం మన రాష్ట్రంలో గ్రూప్-2కి మొదట స్క్రీనింగ్ పరీక్ష. 150 ప్రశ్నలు, 150 మార్కులు, 150 నిమిషాలు. అందులో భారతదేశ చరిత్రకు 30 మార్కులు. అది దాటితే మెయిన్స్. మెయిన్స్ మొదటి పేపరులో సగం, అంటే 75 మార్కులు, ఆంధ్రప్రదేశ్ సామాజిక, సాంస్కృతిక చరిత్రకే. మిగతా 75 రాజ్యాంగానికి. ప్రతి తప్పు జవాబుకు మూడో వంతు మార్కు కోత. ఈ చివరి మాట మనసులో పెట్టుకోండి. మిగతా లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మా హాస్టల్లో చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాం. పేరు వద్దు. డిగ్రీ అయ్యాక పరీక్షకు చదివింది. ఎవరో "మనకు ఇన్ని మార్కులు చాలు" అని ఒక అంకె చెప్పారు. ఆ అంకె కాగితం మీద రాసి గోడకు అంటించుకుంది. మాదిరి పరీక్షలో ఒకసారి ఆ అంకె దాటింది. దాంతో నిశ్చింత వచ్చేసింది. చివరి నెల కాఫీ తోటలో అమ్మకు సాయం చేస్తూ పుస్తకం పక్కన పెట్టింది. అసలు పరీక్ష రోజు పేపరు సులువుగా వచ్చింది. తనకు సులువైతే అందరికీ సులువే కదా. ఆమె అనుకున్న అంకె వచ్చింది, ఉద్యోగానికి దారి మాత్రం రాలేదు. "మేడమ్, నా గురి నేను కొట్టాను, మరి ఎందుకు పోయింది?" అని మా దగ్గర కూర్చుని ఏడ్చింది.

గురి కొట్టింది నిజమే. కానీ ఆ గురి ఆమె పెట్టుకున్నది కాదు, ఎవరో పెట్టింది. కటాఫ్ అనేది ముందుగా ఎవరికీ తెలియదు. పోస్టులు ఎన్ని, రాసిన వాళ్ళు ఎందరు, పేపరు ఎంత కష్టం అన్న మూడింటిని బట్టి అది ప్రతిసారీ మారుతుంది. కిందటిసారి కటాఫ్ కిందటి వాన లాంటిది. ఆ తడి చూసి ఈ ఏడు నాటు వెయ్యలేం.

ఇంకో మాట. రిజర్వేషన్ మన హక్కు. పోరాడి తెచ్చుకున్నది. దాని గురించి సిగ్గు పడాల్సింది ఏమీ లేదు. అయితే అది మనకు ఆసరాగా ఉండాలి, గోడ కాకూడదు. మార్కులు సరిపోతే ఎస్టీ అభ్యర్థి ఓపెన్ పోస్టుకు కూడా వెళ్ళొచ్చు. అలా ఒకరు వెళ్తే మన కోటాలో ఇంకొకరికి చోటు దొరుకుతుంది. కాబట్టి "మనకు ఇంత చాలు" అనే మాట మీ నోట రావద్దు. మీ తమ్ముడి చోటు కూడా మీ గురిలోనే ఉంది.

మరి గురి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? వేటకు వెళ్ళే తాతలను అడగండి. బాణం తీసే ముందు దూరం చూస్తారు. మన దూరం ఎంతో మనకు తెలియాలి. అంటే ఈ రోజు మన అసలు మార్కు ఎంత అన్నది.

దానికి మేము హాస్టల్లో పాటించే పద్ధతి ఇది. పాత ప్రశ్నపత్రం నుంచి చరిత్ర ప్రశ్నలు 30 తీసుకోండి. గడియారం పెట్టుకుని, పుస్తకం మూసి, ఫోన్ పక్క గదిలో పెట్టి రాయండి. రాసేటప్పుడు ప్రతి ప్రశ్న పక్కన ఒక గుర్తు పెట్టండి. ఖాయంగా తెలిస్తే టిక్కు. రెండు జవాబుల మధ్య ఊగిసలాడితే చుక్క. ఏమీ తెలియకుండా పెడితే సున్న. తర్వాత కీ చూసి దిద్దుకోండి. ఒక్క మొత్తం మార్కు కాదు, మూడు గుర్తులకు మూడు లెక్కలు వేసుకోండి.

ఒక అమ్మాయి నోట్‌బుక్‌లోని లెక్క చెబుతాం. టిక్కులు 14, వాటిలో 12 ఒప్పు, 2 తప్పు. చుక్కలు 10, వాటిలో 4 ఒప్పు, 6 తప్పు. సున్నలు 6, వాటిలో 1 ఒప్పు, 5 తప్పు. మొత్తం 17 ఒప్పు, 13 తప్పు. "17 వచ్చాయి మేడమ్" అంది. రాలేదమ్మా. 13 తప్పులకు మూడో వంతు చొప్పున 4.33 పోతుంది. మిగిలింది 12.67. ఆ తేడా చూసి ఆమె ముఖం వాడిపోయింది. కానీ నిజమైన అంకె చేతికొచ్చింది.

ఇప్పుడు గుర్తుల వారీగా చూడండి. టిక్కుల నుంచి 11.33 వచ్చింది. చుక్కల నుంచి 4 వచ్చి 2 పోయి, 2 మిగిలింది. సున్నల నుంచి 1 వచ్చి 1.67 పోయింది, అంటే 0.67 నష్టం. ఆ ఆరు ప్రశ్నలు ముట్టుకోకుండా వదిలేసి ఉంటే కొత్తగా ఒక్క పేజీ చదవకుండానే 13.33 వచ్చేవి. చూడడానికి చిన్న తేడానే. కానీ ఒక్క మార్కు దగ్గర వందల మంది నిలబడే పరీక్షలో అది చిన్నది కాదు.

"మరి తెలియనివన్నీ వదిలెయ్యాలా?" అని అడుగుతారు. అక్కర్లేదు. లెక్క చూడండి. నాలుగు జవాబుల్లో ఏదీ తెలియక 12 ప్రశ్నలకు గుడ్డిగా పెట్టారనుకోండి. సగటున 3 ఒప్పు, 9 తప్పు. మూడు వచ్చి మూడు పోతాయి. చివరికి సున్న. ఒక జవాబు కచ్చితంగా కాదని తీసెయ్యగలిగితే 12లో 4 ఒప్పు, 8 తప్పు. 1.33 మిగులుతుంది. రెండు తీసెయ్యగలిగితే 6 ఒప్పు, 6 తప్పు. 4 మిగులుతుంది. కాబట్టి రెండు తీసెయ్యగలిగితే ధైర్యంగా పెట్టండి. ఒకటి తీసెయ్యగలిగితే, మీ నోట్‌బుక్‌లో ఇంతవరకు అలాంటివి ఎలా వచ్చాయో చూసి పెట్టండి. ఏదీ తీయలేకపోతే వదిలేసి ముందుకు పోండి. దాని మీద పెట్టే నిమిషం వేరే చోట పనికొస్తుంది.

భద్రాచలం అవతల నుంచి, ఆదిలాబాద్ నుంచి వచ్చిన పిల్లలు కూడా ఇక్కడ ఉన్నారు. 2024 డిసెంబరులో జరిగిన తెలంగాణ గ్రూప్-2లో తప్పు జవాబుకు కోత లేదు. కోత లేని పరీక్షలో ఖాళీ వదిలితేనే నష్టం. అక్కడ సున్నలు కూడా నింపి రావాలి. అన్నదమ్ములు ఇద్దరు రెండు రాష్ట్రాల్లో రాస్తుంటే ఇద్దరికీ ఒకే సలహా పనికిరాదు. నోటిఫికేషన్‌లో కోత గురించి ఏం రాశారో ప్రతిసారీ మీరే చదవండి. పక్కవాడు చెప్పింది వినొద్దు, మేము చెప్పింది కూడా కళ్ళు మూసుకుని నమ్మొద్దు.

ఇక అంచనా. ఒక్క పరీక్షతో అంచనా కుదరదు. వేర్వేరు పేపర్లతో కనీసం మూడు రాయండి. మూడు మార్కులు 12, 17, 14 వచ్చాయనుకోండి. మనసు 17నే పట్టుకుంటుంది. "నాకు 17 వస్తాయి" అని ఇంట్లో చెప్పేస్తాం. 17 ఒక మంచి రోజు మాత్రమే. మీ మార్కు 12కీ 17కీ మధ్య ఉంది, మామూలుగా 14 దగ్గర. పథకం వేసేటప్పుడు 12 వచ్చిన రోజును కూడా లెక్కలో ఉంచుకోవాలి. రాత్రంతా బస్సులో కూర్చుని, తెలియని ఊళ్ళో సెంటరు వెతుక్కుని, ఏదో తిని రాసే రోజు మన మంచి రోజు కాకపోవచ్చు. అందుకే చరిత్రలో 15 కావాలనుకుంటే హాస్టల్ గదిలో 18 నిలకడగా రావాలి. ఆ మూడు మార్కులు ప్రయాణం ఖర్చు అనుకోండి.

గురిని ముక్కలు చెయ్యడం తర్వాతి పని. "చరిత్రలో 13 నుంచి 18కి పోవాలి" అంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. మేము ప్రాచీన, మధ్యయుగ, ఆధునిక అని మూడు భాగాలు చేసి పదేసి మార్కుల చొప్పున లెక్క వేయిస్తాం. ఒక అబ్బాయికి ప్రాచీనంలో 5, మధ్యయుగంలో 3, ఆధునికంలో 5 వస్తున్నాయి. 18కి పోవాలంటే అన్నీ ఒకేలా పెంచక్కర్లేదు. ప్రాచీనం 6, మధ్యయుగం 5, ఆధునికం 7 చేస్తే చాలు. ఇప్పుడది కొండ కాదు, మూడు మెట్లు.

ఆ మెట్లు ఏ వరసలో? తక్కువ శ్రమకు ఎక్కువ మార్కు ఇచ్చేది ముందు. హరప్పా, బౌద్ధ జైనాలు, మౌర్యులు, గుప్తులు చిన్న పాఠాలు. పట్టిక రాసుకుని నాలుగుసార్లు తిరగేస్తే నిలుస్తాయి. ఢిల్లీ సుల్తానుల వంశాల వరస, మొఘల్ పాలన, చోళుల స్థానిక పాలన, భక్తి, సూఫీ ఉద్యమాలు అలాంటివే. ఆధునిక చరిత్ర పెద్దది. 1857, సంఘ సంస్కరణ ఉద్యమాలు, గాంధీజీ రాక, స్వాతంత్ర్యం తర్వాత సంస్థానాల విలీనం అన్నీ ఒకదానికొకటి అల్లుకుని ఉంటాయి. దానికి ఎక్కువ వారాలు ఇవ్వాలి. కానీ మెయిన్స్‌లోని ఆంధ్ర చరిత్రకు కూడా అదే పునాది కాబట్టి ఆ శ్రమ రెండుసార్లు ఫలిస్తుంది.

ఇక్కడ మన చరిత్ర గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేం. మా హాస్టల్లో మేమే తయారుచేసిన ఒక పరీక్షలో 1879 రంప పితూరీ మీద ప్రశ్న ఇచ్చాం. చాలామంది అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అదీ టిక్కు గుర్తుతో, ఖాయంగా తెలుసన్నట్టు. 1879 తిరుగుబాటు చిగురు పన్ను మీద, రంప మన్సబుదారు దోపిడీ మీద మన ముత్తాదార్లు, తమ్మన్నదొర లాంటివాళ్ళు లేపినది. రాజు అప్పటికి పుట్టనే లేదు. 1882 మద్రాసు అటవీ చట్టం, పోడు మీద ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి చాకిరీ, వాటి తర్వాత 1922లో రాజు నడిపిన పోరాటం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు. 1924 మే 7న రాజు మరణం. ఆయన వెంట నడిచిన గాం గంటందొర, గాం మల్లుదొర మనవాళ్ళు. ఆ మల్లుదొర 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు.

మన పిల్లలు ఇందులో ఎందుకు తప్పారు? అవ్వ చెప్పిన కథలో పితూరీలన్నీ ఒకటే పితూరీ. సినిమాలో కూడా ఒక్క వీరుడే. తెలిసిన కథ అనే నమ్మకంతో చదవలేదు. ఇంకో ఉదాహరణ: ఏజెన్సీలో "వన్ ఆఫ్ సెవెంటీ" అనని ఇల్లు లేదు. కానీ దానికి ముందు 1959లో 1వ రెగ్యులేషన్ ఉందని, 1970 నాటిది దాన్ని సవరించిందని, అంతకు ముందే 1917లో ఏజెన్సీ భూముల బదలాయింపు మీద చట్టం వచ్చిందని ఎందరు చెప్పగలరు? సంతాల్ తిరుగుబాటు 1855లో, బిర్సా ముండా ఉల్గులాన్ 1899, 1900లలో, కుమ్రం భీమ్ జోడేఘాట్ పోరాటం ముగిసింది 1940లో. ఇవన్నీ ఒక కాలరేఖ మీద రాసి గోడకు అంటించుకోండి. కటాఫ్ అంకె బదులు ఇది అంటించుకోండి. మన తాతల పేర్లు ఉన్న ప్రశ్నలో మనమే మార్కు పోగొట్టుకుంటే ఆ బాధ మూడో వంతు కోతతో పోదు.

తప్పయిన టిక్కులే అన్నింటికన్నా ప్రమాదం. చుక్క తప్పయితే మనకు ముందే అనుమానం ఉంది. టిక్కు తప్పయిందంటే తెలుసనుకున్నదే తెలియదని అర్థం. వాటికి వేరే పేజీ పెట్టండి. పక్కన కారణం రాయండి: తేదీ కలిసిపోయిందా, "సరికానిది" అని అడిగితే "సరైనది" అని చదివామా, జతపరచడంలో తొందరపడ్డామా? నాలుగు పరీక్షలు రాసేసరికి మీ అలవాటు తప్పు ఏదో ఆ పేజీయే చెబుతుంది.

వారాల లెక్కకు వద్దాం. మన పథకం మన కేలెండరు ప్రకారం ఉండాలి. పట్నం కోచింగ్ సెంటరు టైంటేబుల్ తెచ్చుకుని రోజుకు పన్నెండు గంటలు అని రాసుకుంటే మూడో రోజుకే తప్పుతుంది. కాఫీ పండు కోత రోజుల్లో ఇంట్లో పని ఉంటుంది. ఇటుకల పండక్కి ఊరు పిలుస్తుంది, వెళ్ళాలి కూడా. వానాకాలంలో కరెంటు, సిగ్నల్ రెండూ ఉండవు. ఆ వారాలను ముందే పథకంలో తక్కువ చదువు వారాలుగా రాసుకోండి. అప్పుడు తప్పు చేశామన్న బాధ ఉండదు, మిగతా వారాల్లో పని పెరుగుతుంది. 12 వారాలు ఉంటే రెండు వారాలకో పరీక్ష చొప్పున 6 పరీక్షలు. రెండు పరీక్షల వరకు మార్కు కదలకపోతే గురి తగ్గించకండి, చదివే పద్ధతి మార్చండి. నాలుగో పరీక్షకు కూడా కదలకపోతే అప్పుడు గురిని మళ్ళీ చూసుకుని, వేరే సబ్జెక్టులో ఆ మార్కులు దొరుకుతాయేమో చూడండి. స్క్రీనింగ్‌లో చరిత్ర 30 మాత్రమే, మిగతా 120 వేరే చోట ఉన్నాయి. చరిత్ర ప్రశ్నలు 20 నిమిషాల్లో ముగిస్తే మెంటల్ ఎబిలిటీకి 10 నిమిషాలు ఎక్కువ దొరుకుతాయి. ఇది కూడా సాధన చేస్తేనే వస్తుంది.

చివరగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఒకప్పుడు మేము మాదిరి పరీక్ష మార్కులు స్టడీ అవర్‌లో అందరి ముందు చదివేవాళ్ళం. పోటీ పెరుగుతుందని అనుకున్నాం. ఒకసారి తక్కువ వచ్చిన అబ్బాయి ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు, అన్నం కూడా సరిగా తినలేదు. శనివారం ఇంటికెళ్ళి మళ్ళీ రాలేదు. పరీక్షకు కూడా వెళ్ళలేదని తర్వాత తెలిసింది. మేము వాడి ఊరికి వెళ్ళేసరికి వలస పనికి పోయాడు. ఆ రోజు నుంచి మార్కులు పైకి చదవడం మానేశాం. ఎవరి నోట్‌బుక్ వాళ్ళదే. మార్కు అంటే ఈ రోజు మనం నిలబడ్డ చోటు, అంతే. అది మన తెలివికి ఇచ్చిన తీర్పు కాదు. ఇది మొదట మేము నేర్చుకోవాల్సిన పాఠం, ఆలస్యంగా నేర్చుకున్నాం.

గోడకు అంకె అంటించుకున్న అమ్మాయి సంగతి సగంలో ఆపాం కదా. ఏడాది తర్వాత మళ్ళీ వచ్చింది. ఈసారి మూడు గుర్తుల నోట్‌బుక్‌తో కూర్చుంది. స్క్రీనింగ్ దాటింది. మెయిన్స్‌లో ఉద్యోగం రాలేదు. కానీ ఈసారి ఏడవలేదు. ఓఎంఆర్ నకలు, కీ పక్కపక్కన పెట్టుకుని, ఎక్కడ ఎన్ని పోయాయో మాకు తనే చూపించింది. పరీక్ష రాసిన సాయంత్రం తాను వేసుకున్న అంచనాకూ, వచ్చిన మార్కుకూ తేడా రెండు మార్కులే. "మేడమ్, ఈసారి ఎందుకు పోయిందో నాకు తెలుసు" అంది. ఇప్పుడు వేరే చిన్న ఉద్యోగం చేస్తూ మళ్ళీ రాస్తోంది. ఆదివారాలు మా పిల్లలకు ఆ నోట్‌బుక్ ఎలా రాయాలో నేర్పుతోంది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఒక పాత పేపరు తీయండి. 30 ప్రశ్నలు రాయండి. టిక్కు, చుక్క, సున్న పెట్టండి. వచ్చిన మార్కులోంచి కోత తీసేసి, అసలు అంకె తేదీతో సహా మొదటి పేజీలో రాసుకోండి. ఎంత తక్కువైనా రాసుకోండి. ఎవరికీ చూపించక్కర్లేదు. కావాలంటే మా హాస్టల్‌కి రండి, కలిసి దిద్దుకుందాం. ఆదివారం మధ్యాహ్నం భోజనం కూడా పెడతాం.